పైలట్ మెలకువకు కొలత ఏది?

బెంగళూరు: 2025 డిసెంబరు మొదటి వారంలో కెంపేగౌడ విమానాశ్రయం రైల్వే ప్లాట్‌ఫారాన్ని తలపించింది. ఇండిగో విమానాలు వరసగా రద్దవుతుంటే ప్రయాణికులు పెట్టెల మీదే కూర్చుని గంటలు లెక్కపెట్టారు. డిసెంబరు 5న ఒక్కరోజే దేశవ్యాప్తంగా ఆ సంస్థ సర్వీసులు వెయ్యికి పైగా ఆగిపోయాయి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి వెళ్లాల్సిన వాళ్లు, హిందూపురం, మదనపల్లె నుంచి ఇక్కడికొచ్చి విమానం ఎక్కేవాళ్లు అందరూ ఆ ఇబ్బందిలో భాగస్థులే. కోపం సహజం. అయితే ఆ కోపం మధ్య ఒక ప్రశ్న పక్కకు పోయింది. అసలు ఇంత రభసకు కారణమైన నిబంధన ఏమిటి? ఎందుకొచ్చింది?

పైలట్ల పని వేళలకు సంబంధించి పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. వారానికి వరసగా 36 గంటలు ఉన్న విశ్రాంతిని 48 గంటలకు పెంచింది. వారానికి ఆరు దాకా ఉన్న రాత్రి ల్యాండింగులను రెండుకు తగ్గించింది. ఇవి 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమల్లోకి వచ్చాయి. అందుకు సరిపడా పైలట్లను సంస్థ సిద్ధం చేసుకోలేదు. విమానాలు ఆగాయి. చివరకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చారు.

పైలట్ నిద్ర కోసం ఇంత హడావిడి అవసరమా అని అడిగేవాళ్లకు జవాబు దూరంగా లేదు. ఇదే రాష్ట్రంలో, మంగళూరులో ఉంది.

చెవిన పడినా మనసున పడలేదు

2010 మే 22 తెల్లవారుజాము. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం మంగళూరు బజ్పె రన్‌వే దాటి లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. బతికింది ఎనిమిది మంది.

ఆకాశం తేటగానే ఉంది. విమానంలో లోపం లేదు. కెప్టెన్‌కు పది వేల గంటలకు పైగా అనుభవం ఉంది. మరి ఏం జరిగింది? కాక్‌పిట్‌లో మాటలు నమోదు చేసే రికార్డర్‌లో సుమారు రెండు గంటల అయిదు నిమిషాల శబ్దం దొరికింది. అందులో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. గురక కూడా వినిపించింది. దిగే సమయానికి మేలుకున్నాడు గానీ, కళ్లు తెరిచినంత త్వరగా బుర్ర తేరుకోలేదు. గాఢనిద్ర నుంచి లేచాక కాసేపు ఉండే ఈ మత్తు గురించి దర్యాప్తు నివేదిక ప్రత్యేకంగా ప్రస్తావించింది. శరీరం సహజంగానే మందగించే తెల్లవారుజాము సమయం దానికి తోడయింది.

విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో రన్‌వే వైపు వచ్చింది. కెప్టెన్ దాన్ని గబగబా కిందికి దించాడు. వేగంగా దిగిపోతున్నావంటూ యంత్రం పదేపదే హెచ్చరించింది. ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు. సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు. కొండమీద బల్లపరుపుగా కట్టిన రన్‌వే అది. ఆ చివర తప్పుకు చోటు లేదు.

హెచ్చరికలు అన్నీ ఉన్నాయి, చెవిన పడ్డాయి కూడా. అవి చెబుతున్నది మాత్రం మనసుకు ఎక్కలేదు. విమానయాన శాస్త్రంలో 'సిచ్యుయేషన్ అవేర్‌నెస్' అంటే ఈ ఎక్కడమే. తెలుగులో 'పరిస్థితిపై ఎరుక' అనుకోవచ్చు.

ఎరుకకు మూడు మెట్లు

ఈ మాట మొదట యుద్ధవిమాన పైలట్ల వాడుకలోది. చుట్టూ శత్రువు ఎక్కడున్నాడో, తాను ఎక్కడున్నాడో ఏకకాలంలో తెలిసినవాడే ప్రాణాలతో తిరిగొచ్చేవాడు. దీనికో శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ముఖ్యురాలు అమెరికా ఇంజినీరు మైకా ఎండ్‌స్లీ. 1995లో ఆమె ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం ఎరుకకు మూడు మెట్లు. చుట్టూ ఉన్నది గమనించడం మొదటిది. గమనించినదానికి అర్థం తెలియడం రెండోది. కాసేపట్లో ఏం జరగబోతోందో ముందే ఊహించడం మూడోది.

చిత్తూరు-బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కిదిగే బస్సు డ్రైవరు సంగతి చూడండి. ముందు వెళ్తున్న లారీ బ్రేకు లైటు పదేపదే వెలగడం అతను చూస్తాడు. అది మొదటి మెట్టు. లారీకి లోడెక్కువ, బ్రేకులు వేడెక్కుతున్నాయని పోల్చుకుంటాడు. అది రెండోది. వచ్చే మలుపులో అది అదుపు తప్పొచ్చని ఇప్పుడే దూరం పాటిస్తాడు. అది మూడోది. అనుభవం అంటే ఈ మూడూ అడక్కుండానే జరిగిపోవడం.

ఎక్కువమంది పడిపోయేది ఏ మెట్టు దగ్గర? అమెరికాలో పైలట్లు స్వచ్ఛందంగా పంపే భద్రతా నివేదికలను డెబ్రా జోన్స్, ఎండ్‌స్లీ 1996లో జల్లెడపట్టారు. ఎరుకకు సంబంధించిన పొరపాట్లలో సుమారు 76 శాతం మొదటి మెట్టు దగ్గరివే. 20 శాతం రెండోదానివి. భవిష్యత్తును తప్పుగా ఊహించినవి నాలుగు శాతం లోపే. అంటే పైలట్లు చాలావరకు తప్పుగా ఆలోచించడం లేదు. ఆలోచించాల్సిన సంగతే వాళ్ల కంట పడటం లేదు. సమాచారం ఎదుటే ఉండి కూడా చూడకపోవడమే వాటిలో పెద్ద వాటా కావడం గమనార్హం.

బెంగళూరు చూసిన 35 సెకన్లు

బెంగళూరులో పాత విమానాశ్రయం రోడ్డు మీదుగా రోజూ పనికి వెళ్లే తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు. మురుగేశ్‌పాళ్య, మారతహళ్లి ప్రాంతాల్లో మనవాళ్ల ఇళ్లకు లెక్కలేదు. ఆ దారి పక్కనున్న గోల్ఫ్ మైదానంలో 1990 ఫిబ్రవరి 14 మధ్యాహ్నం జరిగిన ఘోరం ఈ తరానికి పెద్దగా తెలియదు. ముంబయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం హెచ్ఏఎల్ రన్‌వేకు సుమారు 2,300 అడుగుల ముందే నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు.

ఎయిర్‌బస్ ఏ-320 అప్పటికి మనదేశానికి కొత్త. కంప్యూటర్లే చాలా పని చూసుకునే విమానం. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.శివశంకర భట్ జరిపిన విచారణలో తేలిన సంగతి సూదిమొన అంతే ఉంటుంది. నేలను తాకడానికి సుమారు 35 సెకన్ల ముందు, నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగాలని పైలట్ అనుకున్నాడు. వేగం తిప్పే మీట, ఎత్తు తిప్పే మీట పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి ఒకదాని బదులు ఇంకోదాని మీద పడి ఉంటుందని విచారణ అభిప్రాయపడింది. దాంతో దిగే వేగం 700 కావాల్సింది పోయి, చేరాల్సిన ఎత్తు 700 అడుగులైంది. బెంగళూరు నేలే సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తులో ఉంది. అంటే విమానానికి అందిన ఆదేశం భూమి లోపలికి దిగమని!

కంప్యూటర్ చెప్పినట్టే చేసింది. ఇంజిన్ల శక్తిని కనిష్ఠానికి తగ్గించి దిగడం మొదలుపెట్టింది. వేగం పడిపోతోంది. 400 అడుగులు, 300, 200 అంటూ యంత్రం ఎత్తు చదువుతూనే ఉంది. విమానం ఏ పద్ధతిలో దిగుతోందో కాక్‌పిట్‌లో మాటల్లోకి వచ్చింది కూడా. ఆ మాటకు ఉన్న ప్రమాదం మాత్రం సమయానికి తట్టలేదు. ఇంజిన్లకు పూర్తి శక్తి ఇచ్చేసరికి ఆలస్యమైంది. నిద్రాణంగా ఉన్న జెట్ ఇంజిన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లు మిగల్లేదు.

రెండేళ్లు తిరక్కుండానే, 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర మరో ఏ-320 కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. దిగే కోణం 3.3 డిగ్రీలు అనుకుని, నిమిషానికి 3,300 అడుగుల వేగం పెట్టి ఉంటారన్నది అక్కడి ప్రధాన అనుమానం. తెర మీద రెండింటిలోనూ అవే అంకెలు, తేడా ఒక్క దశాంశ బిందువే. తర్వాత ఆ అంకెలు చూపే తీరునే మార్చారు. విమానం ఏ పద్ధతిలో నడుస్తోందో పైలట్‌కు తెలియకపోవడాన్ని అమెరికాలో నడీన్ సార్టర్, డేవిడ్ వుడ్స్ వంటి పరిశోధకులు ఆ దశాబ్దంలోనే లోతుగా పరిశీలించారు. పని సులువు చేస్తుందనుకున్న యంత్రం, గమనించాల్సిన పనిని పెంచిందని వాళ్లు తేల్చారు.

చిన్న సంగతి మింగేసే మెలకువ

మనిషి దృష్టి టార్చిలైటు లాంటిది. ఒకచోట వేస్తే ఇంకోచోట చీకటి. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం మయామీ దగ్గర చిత్తడి నేలల్లో కూలి 101 మంది చనిపోయింది ఒక బల్బు మూలంగా. ముందు చక్రం దిగిందని చూపే దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా దాని మీద పడ్డారు. ఈలోగా ఎత్తును పట్టి ఉంచే ఏర్పాటు తప్పిపోయి విమానం నెమ్మదిగా దిగిపోతుంటే ఎవరూ చూడలేదు.

తెలుగువాళ్లు మరచిపోలేని 2009 సెప్టెంబరు 2 ప్రమాదంలోనూ ఈ ఛాయ కనిపిస్తుంది. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు నల్లమలలో హెలికాప్టర్ కూలి మరణించారు. బలంగా కిందికి నెట్టే గాలిలో చిక్కి అదుపు తప్పడమే కారణమని దర్యాప్తు కమిటీ తేల్చింది. అంతకు ముందు పైలట్లు ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించిన సమస్యపై చెక్‌లిస్టు పుస్తకంలో చాలాసేపు వెతుకుతూ ఉన్నట్టు రికార్డర్ ద్వారా తెలిసింది. బయట మబ్బు ముదురుతున్న నిమిషాలవి.

మనసులోది కొలిచేదెలా?

విమానం ఎత్తు, వేగం కొలవడానికి పరికరాలున్నాయి. పైలట్ మనసులో ఉన్న చిత్రాన్ని కొలిచేదెలా? నలభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు కుస్తీ పడుతున్నది దీనితోనే.

మొదటి దారి, ఆట మధ్యలో ఆపి అడగడం. 1980ల చివర్లో ఎండ్‌స్లీ తెచ్చిన 'శాగట్' పద్ధతి ఇదే. సిమ్యులేటర్‌లో పైలట్ విమానం నడుపుతుండగా, చెప్పాపెట్టకుండా తెరలన్నీ ఆర్పేస్తారు. ఎత్తు ఎంత? ఏ మోడ్‌లో ఉన్నారు? పక్క విమానం ఎటు పోతోంది? రెండు నిమిషాల్లో ఏం జరుగుతుంది? ఇలా ప్రశ్నలు వేస్తారు. జవాబులను కంప్యూటర్‌లో ఉన్న అసలు లెక్కలతో పోల్చి మార్కులు వేస్తారు. 1990 నాటి బెంగళూరు ప్రయాణాన్ని సిమ్యులేటర్‌లో నడిపి, ఇంకా 20 సెకన్లుందనగా ఆపి 'ఇంజిన్లు ఎంత శక్తితో ఉన్నాయి?' అని అడిగితే చాలు, లోపం బట్టబయలవుతుంది. అయితే ఈ పద్ధతిని నిజమైన విమానంలో వాడలేం. గాలిలో తెరలు ఆర్పడం కుదరదు కదా. పైగా ఇది కొంతవరకు జ్ఞాపకశక్తి పరీక్షగా మారుతుందన్న విమర్శా ఉంది.

రెండో దారి, పైలట్‌నే మార్కులు వేసుకోమనడం. 1990లో బ్రిటన్ పరిశోధకుడు టేలర్ రూపొందించిన 'సార్ట్' ఈ కోవలోది. పరిస్థితి మీ దృష్టిని ఎంత లాగింది, మీ దగ్గర ఎంత దృష్టి మిగిలింది, ఎంత అర్థమైంది అన్నవాటికి పైలట్ తానే అంకెలు ఇస్తాడు. ఖర్చు తక్కువ, తేలిక. చిక్కల్లా ఒకటే. తనకు ఏం తెలియదో తెలియనివాడు పూర్తి మార్కులు వేసుకుంటాడు. ల్యాండింగ్ సాఫీగా జరిగితే ఎరుక కూడా బాగానే ఉందనిపిస్తుంది. కొన్నిసార్లు అది అదృష్టం మాత్రమే.

మూడోది, పని ఆపకుండానే మధ్యలో ప్రశ్న వేయడం. ఫ్రాన్సిస్ డర్సో బృందం తెచ్చిన 'స్పామ్' పద్ధతిలో జవాబు సరైనదా అనే కాదు, ఎంత త్వరగా వచ్చిందన్నదీ చూస్తారు. అన్నీ గుర్తుండనక్కర్లేదు, ఏది ఎక్కడ చూడాలో తెలిస్తే అదీ ఎరుకే అన్నది వీళ్ల వాదన. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లపై దీన్ని ఎక్కువగా ప్రయోగించారు. అయితే అడిగిన ప్రశ్నే దారి చూపించే ప్రమాదం ఉంది. 'ఎత్తు ఎంత?' అనగానే ఎవరైనా అటే చూస్తారు.

నాలుగోది, కంటిపాప కదలికలు నమోదు చేయడం. పైలట్ ఏ మీటర్‌ను ఎన్నిసార్లు చూశాడో తెలుస్తుంది. చూసినదల్లా బుర్రకెక్కిందని మాత్రం చెప్పలేం. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో 228 మందితో మునిగిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో 'స్టాల్' హెచ్చరిక డెబ్భై సార్లకు పైగా మోగింది. చెవులు పనిచేస్తూనే ఉన్నాయి.

ఇవన్నీ ప్రయోగశాల కొలతలు. రోజువారీ విమానాల్లో వాడేవి వేరు. కాక్‌పిట్ వెనక సీటులో శిక్షణ పొందిన పరిశీలకుడిని కూర్చోబెట్టి, పేర్లు బయటపెట్టకుండా లోపాలు రాసుకునే 'లోసా' పద్ధతి ఒకటి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హెల్మ్‌రిచ్ బృందం దీనికి ఆద్యులు. ప్రతి ప్రయాణం తర్వాత విమానం రికార్డులు తిరగేసి, ఎక్కడ ఎత్తు, వేగం గీత దాటాయో చూడటం రెండోది. ఇది మన సంస్థల్లోనూ తప్పనిసరి. అది చెయ్యి ఏం చేసిందో చెబుతుంది. మనసు ఎక్కడుందో చెప్పదు.

పేరు పెట్టినంత మాత్రాన కారణం కాదు

ఈ శాస్త్రానికి లోపలి నుంచే హెచ్చరికలున్నాయి. 'ఎరుక కోల్పోయాడు కాబట్టి విమానం కూలింది' అంటాం. ఎరుక కోల్పోయాడని ఎలా తెలిసింది అంటే 'విమానం కూలింది కదా' అంటాం. ఇలా గిరగిరా తిరగడం తగదని జాన్ ఫ్లాక్ 1995లోనే అన్నారు. సిడ్నీ డెకర్, ఎరిక్ హోల్‌నాగెల్ 2004లో ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా లేవనెత్తారు. ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ఏది ముఖ్యమో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ క్షణంలో పైలట్‌కు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇది పండితుల మీమాంసగా కొట్టిపారేయడానికి లేదు. 'పైలట్ తప్పిదం' అన్న ఒక్క మాటతో ఫైలు మూసేస్తే రెండు మీటలను పక్కపక్కన పెట్టినవారిని ఎవరూ అడగరు. రాత్రి డ్యూటీ వేసినవారిని అసలే అడగరు. చనిపోయిన పైలట్ ఎలాగూ జవాబు చెప్పలేడు.

పదేళ్ల తర్వాతా అదే కథ

మంగళూరు దర్యాప్తులో ఒక ముఖ్యమైన మాట ఉంది. ల్యాండింగ్ విరమించే అధికారం కో-పైలట్‌కు ఎంతవరకు ఉందో ఆదేశాల్లో స్పష్టత లేదని, అందుకే అతను చెప్పాడు గానీ విమానాన్ని చేతిలోకి తీసుకోలేదని నివేదిక భావించింది. ఇద్దరిలో ఒకరికి ఎరుక ఉంది. అధికారం మాత్రం రెండోవారి చేతిలో ఉంది.

2020 ఆగస్టు 7న వర్షపు రాత్రి కోజికోడ్‌లో అదే సంస్థ విమానం, అదే రకం కొండమీది రన్‌వే. 8,858 అడుగుల రన్‌వేలో దాదాపు సగం, 4,438 అడుగులు దాటాక చక్రాలు తాకాయి. వెనక నుంచి గాలి తోస్తోంది. కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయలేదు. కో-పైలట్ మళ్లీ పైకి లేపమన్నాడు. కెప్టెన్ దించాడు. 190 మందిలో ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. మర్నాడు ఉదయం ఆ కెప్టెన్‌కు మరో డ్యూటీ ఉందని, ఆ బేస్‌లో కెప్టెన్ల కొరత ఉందని 2021 నాటి దర్యాప్తు నివేదిక నమోదు చేసింది. పైలట్ పొరపాటును ప్రధాన కారణంగా చెబుతూనే, వ్యవస్థలోని లోపాలను విస్మరించలేమని రాసింది.

లెక్క సరిచూసుకోవాల్సింది ఎవరు?

ఈ మూడు ప్రమాదాలను పక్కపక్కన పెడితే ఒకటి తేటతెల్లమవుతుంది. ఎరుక ఒక్క పైలట్ తలలో ఉండే వస్తువు కాదు. అది నిద్రలో ఉంది, మీటల అమరికలో ఉంది, కో-పైలట్ గొంతులో ఉంది, డ్యూటీ చార్టులో ఉంది. కాబట్టి కొలత కూడా అక్కడి నుంచే మొదలుకావాలి. సిమ్యులేటర్ పరీక్షలో పైలట్ చేతివాటంతో పాటు, మధ్యలో ఆపి అతని మనసులో ఏముందో అడగాలి. ల్యాండింగ్ మానేసి తిరిగి పైకి లేపిన పైలట్‌ను ఇంధనం వృథా అయిందని సంజాయిషీ అడగకూడదు. అలసిపోయానని చెప్పినవాడి జీతం, పదోన్నతి తగ్గకూడదు. రెండోసారి చెప్పినా కెప్టెన్ వినకపోతే కో-పైలట్ విమానం చేతిలోకి తీసుకునేలా శిక్షణ ఇవ్వాలి.

2025 డిసెంబరులో జనం పడిన అవస్థకు సంస్థ, నియంత్రణ సంస్థ జవాబుదారీలే. కొత్త నిబంధనలకు దాదాపు రెండేళ్ల ముందే నోటీసు ఉంది. అయితే ఆ అవస్థను సాకుగా చూపి నిబంధననే నీరుగారిస్తే, నష్టపోయేది మళ్లీ ప్రయాణికుడే. రద్దయిన టికెట్‌కు డబ్బు తిరిగొస్తుంది. మంగళూరులో కో-పైలట్ మూడుసార్లు చెప్పిన మాట విననందుకు చెల్లించిన ధర మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. విమానం రెండు గంటలు ఆలస్యమని తెర మీద కనిపించినప్పుడు విసుక్కోవడం ప్రయాణికుడి హక్కు. ఆ ఆలస్యం పైలట్ నిద్ర కోసమైతే, దాన్ని భరించడం తన ప్రాణానికి కట్టే బీమా అనుకోవాలి.